అట్టపెట్టెలో పట్టే కానుక

రాస్ లఫాన్ గ్యాస్ నగరంలో కంపెనీలు ఏం పంచుతాయి, మనవాళ్ళు ఊరికి ఏం మోసుకొస్తారు

ఖతర్‌లోని రాస్ లఫాన్‌లో కానుకలు పంచే రోజుకు పంచాంగంతో పనిలేదు. ఏదైనా ప్రాజెక్టులో ఎవరికీ పని మానుకోవాల్సినంత దెబ్బ తగలకుండా పది లక్షల పనిగంటలో, యాభై లక్షల పనిగంటలో పూర్తయితే ఆ రోజే పండగ. పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగ్ జరిగే చోట బ్యానరు కడతారు. సేఫ్టీ మేనేజరు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడితే ఫోర్‌మన్ వాటిని హిందీలోకి దించుతాడు. ఆ తర్వాత వరసలో నిలబడాలి. టోపీ, టీషర్టు, వీపు సంచి, తువ్వాలు. కాస్త పెద్ద కంపెనీ అయితే పవర్ బ్యాంకు, చలికాలమైతే జాకెట్టు. ప్రతిదాని మీదా కంపెనీ గుర్తు, దాని కింద పనిగంటల అంకె. బిర్యానీ పొట్లం సరేసరి.

టోపీ క్యాంపులోనే మాసిపోతుంది. టీషర్టు డ్యూటీ దిగాక గదిలో వేసుకోవడానికి పనికొస్తుంది. ఎప్పుడైనా కంబళి ఇచ్చారంటే మాత్రం దాని కథ వేరు. ప్లాస్టిక్ సంచి జిప్పు కూడా తీయకుండా మంచం కిందికి తోసేస్తారు. అది జగిత్యాలకో, సిరిసిల్లకో, రాజోలుకో పోవాల్సిన వస్తువు.

ఉద్యోగులకు పండగ కానుక ఏమివ్వాలి అని అడిగితే, వాళ్ళ ఇష్టాయిష్టాలు కనుక్కోండి అని ఏ హెచ్చార్ నిపుణుడైనా చెబుతాడు. గల్ఫ్‌లో ఆ సలహా సగం దూరమే తీసుకెళ్తుంది. ఇక్కడ కానుక పుచ్చుకునే మనిషి తానే ఇంకో పదిమందికి కానుకలు ఇవ్వాల్సినవాడు. తల్లికి, పెళ్ళానికి, అప్పిచ్చిన బావమరిదికి, వీసా దగ్గర మాటసాయం చేసిన పక్కింటాయనకి. అతని చేతికొచ్చిన వస్తువు అక్కడినుంచి ఎటు పోతుందో ఆలోచించని కంపెనీ ఎంత ఖర్చు పెట్టినా అందులో కొంతే అతనికి ముడుతుంది.

పెట్టె కట్టడం

సెలవు ఖాయమైందన్న మాట చెవిన పడగానే గదిలో ఒక అట్టపెట్టె వెలుస్తుంది. నిజానికి దాన్ని నింపే వస్తువులు కొనడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. శుక్రవారం అల్ ఖోర్ ఊళ్ళోకి వెళ్ళినప్పుడు లులు సూపర్‌మార్కెట్లో ఏది ఆఫర్‌లో ఉంటే అది. నిడో పాలపొడి డబ్బా, టాంగ్, బాదంపప్పు, ఖర్జూరాలు, పిల్లలకు చాక్లెట్లు, నాన్న మోకాళ్ళకు టైగర్ బామ్, చెల్లెలికి అత్తరు, ఇంట్లోకి సబ్బులు, పొలానికి టార్చిలైటు. ఇవన్నీ కరీంనగర్‌లో దొరకవా అంటే భేషుగ్గా దొరుకుతాయి. కొన్ని అక్కడే చవక. అయినా ‘దుబాయ్ సబ్బు’కు ఉండే మర్యాద కిరాణా కొట్టు సబ్బుకు రాదు. ఖతర్ అయినా, కువైట్ అయినా, మస్కట్ అయినా ఉత్తర తెలంగాణ పల్లెలకు అంతా దుబాయే.

లగేజీ ముప్ఫై కిలోలు దాటితే విమానాశ్రయంలో కౌంటరు ముందు పెట్టె విప్పాల్సి వస్తుంది. అందుకే క్యాంపులో కొక్కెం తక్కెడ ఒకటి గదుల మధ్య తిరుగుతుంటుంది. తూకం సరిపోయాక టేపు చుట్టి, తాడు బిగించి, మార్కరుతో నాలుగు వైపులా పేరు, ఊరు, ఫోన్ నంబరు రాస్తారు. శంషాబాద్‌లో బెల్టు మీద తిరిగే పెట్టెల మీద మండలాల పేర్లు చదువుకోవచ్చు. బంగారం మాత్రం పెట్టెలో ఉండదు, ఒంటి మీదో జేబులోనో వస్తుంది. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే మగవాళ్ళకు 20 గ్రాములు, ఆడవాళ్ళకు 40 గ్రాముల వరకు సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వీలుంది. ఎంత తేవచ్చో కస్టమ్స్ వాళ్ళకంటే ఇంటివాళ్ళకే బాగా తెలుసు.

ఊళ్ళో అడుగుపెట్టగానే గల్ఫ్ మనిషికి ఎదురయ్యే ప్రశ్నలు రెండే. ‘ఎప్పుడొచ్చినవ్? మళ్ళెప్పుడు పోతవ్?’ మూడోది నోటితో అడగరు, పెట్టె వైపు చూస్తారు.

ఈ పెట్టెను దృష్టిలో పెట్టుకుని కంపెనీ కానుకల జాబితా చదివితే నవ్వొస్తుంది. ఉత్తమ ఉద్యోగికి గాజు షీల్డు. బరువు ఎక్కువ, తిండికీ కట్టుకోవడానికీ పనికిరాదు, దారిలో పగిలిందా చాక్లెట్లన్నీ గాజుముక్కలే. బల్ల క్యాలెండరు ఇస్తారు, బల్ల లేని మనిషికి. మగ్గు మీద పేరు వేయించి ఇస్తారు, తీరా చూస్తే పేరు తప్పు ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుందో, అసలు పేరు ఎక్కడుందో తేల్చుకోలేక తెలుగువాళ్ళ పేర్లను తిరగేసి రాయడం గల్ఫ్ ఆఫీసుల్లో మామూలే. ఇరవై ఏళ్ళు తండ్రి పేరుతోనో, ఊరి పేరుతోనో పిలిపించుకున్నవాళ్ళున్నారు. మెచ్చుకోలు పత్రంలోనైనా పేరు సరిగా పడితే బాగుంటుంది.

గేటుకు ఇవతల, అవతల

దోహాకు ఉత్తరాన 80 కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న పారిశ్రామిక నగరం రాస్ లఫాన్. 1971లో సముద్రగర్భంలో నార్త్ ఫీల్డ్ గ్యాస్ నిక్షేపం బయటపడింది. పాతికేళ్ళ తర్వాత, 1996 చివర్లో, ద్రవరూపంలోకి మార్చిన సహజవాయువు (ఎల్‌ఎన్‌జీ)తో తొలి ఓడ ఇక్కడినుంచి జపాన్‌కు బయల్దేరింది. గుజరాత్‌లోని దహేజ్‌కు 2004లో మొదటి ఓడ చేరింది. మన పెట్రోనెట్ సంస్థ ఏటా 75 లక్షల టన్నులు కొనే ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో 2048 దాకా పొడిగించారు. ఖతర్ ఎల్‌ఎన్‌జీ సామర్థ్యం ఏటా 7.7 కోట్ల టన్నుల దగ్గర చాలా ఏళ్ళు నిలిచింది. దాన్ని 2030 నాటికి 14.2 కోట్ల టన్నులకు పెంచాలని విస్తరణ పనులు పెట్టుకున్నారు. పుట్టినరోజు బెలూన్లలో నింపే హీలియం కూడా ఇక్కడినుంచి ప్రపంచమంతటికీ పోతుంది.

ఇంత పనిలో మనవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో ఒక్క మాటలో చెప్పలేం. విశాఖ రిఫైనరీలోనో, కాకినాడ ఎరువుల కర్మాగారంలోనో చేయి తిరిగి వచ్చిన ఆపరేటర్లు, ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీర్లు ఒక వరస. వీళ్ళు గ్యాస్ కంపెనీ ఉద్యోగులైతే అల్ ఖోర్ కమ్యూనిటీ అనే కాలనీలో కుటుంబంతో ఉంటారు. పిల్లలు అక్కడే చదువుకుంటారు, ఏడాదికోసారి ఇంటిల్లిపాదికీ టిక్కెట్లు వస్తాయి. రెండో వరస కాంట్రాక్టు కంపెనీల వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు, రిగ్గర్లు, స్కాఫోల్డర్లు. మూడో వరస, పనివాళ్ళను అద్దెకిచ్చే సప్లై కంపెనీల మనుషులు. మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ పడినప్పుడు రెండు మూడు నెలలకు వచ్చి, పని అయిపోగానే ఇంకో సైటుకు మారిపోతారు. ముగ్గురూ ఒకే పైపు దగ్గర నిలబడి పనిచేయవచ్చు. జీతం ఇచ్చేవాడు వేరు, కానుక ఇచ్చేవాడు వేరు.

కానుకలో తేడా కొట్టొచ్చినట్టు కనబడేది ఇక్కడే. ఒకే సైటులో ఒకరికి వోచరు, ఒకరికి టోపీ, ఒకరికి ఏమీ లేదు. మూడో మనిషి పేరు ఆ కంపెనీ జాబితాలో ఉండదు కాబట్టి. అసలు ఎవరికీ ఏమీ ఇవ్వకపోతే ఎవరూ బాధపడరు. పక్కవాడి చేతిలో సంచి చూశాకే వరసలో లేనివాడికి తాను ఎవరో గుర్తొస్తుంది.

ఇది గల్ఫ్‌కు మాత్రమే ఉన్న జబ్బు కాదు. మన సింగరేణినే చూడండి. దసరా ముందు లాభాల్లో వాటా పంచడం అక్కడ ఏళ్ళ తరబడి ఉన్న ఆచారం. 2023-24 సంవత్సరానికి 33 శాతం వాటా కింద 796 కోట్ల రూపాయలు ప్రకటించారు, ఒక్కో కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి ఏదైనా అందింది ఆ ఏడాదే. తలా ఐదు వేలు. లక్షా తొంభై వేల పక్కన ఐదు వేలు చిన్నదే. అయినా జాబితాలో పేరు ఎక్కింది. ఆ రెండు అంకెల మధ్య దూరం గురించి గనుల్లో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది, నడవాలి కూడా.

ప్రతి దీపావళికీ మన పత్రికల్లో సూరత్ వజ్రాల వ్యాపారి సావ్జీ ఢోలకియా కథ రావడం మామూలైపోయింది. 2016లో ఆయన తన ఉద్యోగులకు 1,260 కార్లు, 400 ఫ్లాట్లు ప్రకటించాడు. వార్తగా బాగుంటుంది. కానీ ఆ ఫొటోలు చూసి మన కంపెనీ సోన్ పాపిడీ డబ్బాను తిట్టుకోవడం తప్ప దానివల్ల వేరే ప్రయోజనం నాకు కనిపించదు.

బాకీని కానుక అనకండి

కానుకల గురించి రాస్తూ చట్టం మాట ఎత్తడం రసభంగమే. తప్పదు. ఖతర్ కార్మిక చట్టం 2004 నాటి 14వ నంబరుది. దాని ప్రకారం ఏడాది పూర్తి చేసిన ఉద్యోగికి, కొలువు ముగిసినప్పుడు, ఏడాదికి మూడు వారాల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ రావాలి. 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న కనీస మూల వేతనం నెలకు 1,000 రియాల్స్. కంపెనీ వసతి, తిండి పెట్టకపోతే వాటికి మరో 500, 300 కలుస్తాయి. ఈ లెక్కన అట్టడుగు జీతగాడికైనా ఏడాదికి సుమారు 700 రియాల్స్ గ్రాట్యుటీ జమవుతుంది. రియాల్ విలువ 24 రూపాయల చుట్టుపక్కల వేసుకుంటే ఐదేళ్ళకు ఎనభై వేల రూపాయల పైమాటే. రంజాన్ నెలలో రోజుకు ఆరు గంటలు మించి పని చేయించకూడదు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పగలు పది నుంచి మూడున్నర దాకా ఎండలో పని నిషిద్ధం.

ఇవన్నీ బాకీలు. వీటిని సమయానికి తీర్చే కంపెనీ పండక్కి ఏమీ ఇవ్వకపోయినా ఎవరూ దాన్ని తిట్టరు. రెండు నెలల జీతం ఆపి ఈద్‌కు మటన్ బిర్యానీ పెట్టే కంపెనీలు కూడా గల్ఫ్‌లో లేకపోలేదు. ఆ బిర్యానీ ఎవరి డబ్బుతో వండారో తినేవాళ్ళకు తెలుసు. మన పల్లెల్లో జీతగాడికి గొంగడి, చెప్పుల జత ఉగాది ఒప్పందంలో భాగంగా ఉండేవి. దసరాకు దొర చేతిలో పెట్టింది ఇనాం. ఒకదాన్ని ఇంకోదాని కింద జమకట్టుకోబోతే జీతగాడు ఊరుకునేవాడు కాదు.

బాకీ తీర్చడమే పెద్ద కానుకైన సందర్భం ఒకటి ఖతర్‌లో జరిగింది. ఊళ్ళో ఏజెంటుకు కట్టిన డబ్బు గల్ఫ్ కార్మికుడి మెడకు మొదటి గుదిబండ. భారత నిబంధనల ప్రకారం ఏజెంటు సేవా రుసుము ముప్ఫై వేల రూపాయలు, దానిపై పన్ను మించకూడదు. జరిగేది వేరు, రసీదు ఉండదు. 2022 ప్రపంచ కప్ స్టేడియాలు కట్టించిన సుప్రీం కమిటీ తన కాంట్రాక్టర్లను ఒప్పించి, రసీదు అడగకుండానే ఆ ఖర్చును కార్మికులకు నెలనెలా జీతంతో పాటు కొంత కొంతగా తిరిగి ఇప్పించింది. దాదాపు యాభై వేలమందికి పది కోట్ల రియాల్స్ పైచిలుకు ఇవ్వడానికి కాంట్రాక్టర్లు ఒప్పుకున్నారు. రాస్ లఫాన్‌కు దగ్గర్లోని అల్ ఖోర్‌లో అల్ బైత్ స్టేడియం ఆ కప్పు కోసం కట్టిందే. స్టేడియాలకు చేయగలిగింది గ్యాస్ ప్లాంట్లకు ఎందుకు చేయలేరు అన్నది అడగాల్సిన ప్రశ్న.

దెబ్బ దాచుకునే కానుక

మళ్ళీ మొదట చెప్పిన పనిగంటల పండగ దగ్గరికి వద్దాం. అందులో ఒక మెలిక ఉంది. ఎవరికీ దెబ్బ తగలకపోతేనే అందరికీ కానుక అన్నారనుకోండి. తొంభై తొమ్మిది లక్షల గంటల దగ్గర ఒక కుర్రాడి వేలు ఫ్లాంజీ మధ్య నలిగింది. క్లినిక్కుకు వెళ్తే, అక్కడ పని మానమన్నారంటే లెక్క మళ్ళీ సున్నా నుంచి. తోటివాళ్ళ పవర్ బ్యాంకులన్నీ తన వేలి మీద ఆధారపడ్డాయని అతనికి తెలుసు. గుడ్డ చుట్టుకుని పని చేస్తాడు. ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో పనిచోట భద్రతను చూసే ఓషా సంస్థ 2012 మార్చిలో తన అధికారులకు పంపిన లేఖలో ఇదే హెచ్చరిక చేసింది. ఏడాదంతా దెబ్బ తగలనివాళ్ళకే లాటరీ, ఎవరికీ గాయం కాకపోతేనే బృందానికంతా బోనస్ వంటి పథకాలు గాయాలను తగ్గించవు, గాయాల కబురును తగ్గిస్తాయి అన్నది దాని సారాంశం.

గ్యాస్ ప్లాంటులో దాచిన చిన్న కబురు పెద్ద కబురవడానికి ఎంతో సేపు పట్టదు. బోల్టు వదులైందని, స్కాఫోల్డింగ్ ట్యాగు గడువు దాటిందని, తృటిలో తప్పిందని వచ్చి చెప్పినవాడికి కానుక ఇస్తే అర్థముంది. కొన్ని సైట్లలో అలా చీటీ రాసిచ్చినవాళ్ళకు నెలనెలా బహుమతి ఇస్తారు. ఆ చీటీ ఇంగ్లీషులో రాయాలన్న షరతు ఒక్కటి తీసేస్తే మన స్కాఫోల్డర్లు ఎంత చూస్తున్నారో సేఫ్టీ ఆఫీసుకు తెలుస్తుంది.

వస్తువా, డబ్బా?

డబ్బే ఇవ్వండి, తలనొప్పి వదులుతుంది అనేది తేలికైన జవాబు. దీని మీద జర్మనీలో ముగ్గురు ఆర్థికవేత్తలు, కూబే, మారెషాల్, పుప్పె, ఒక సరదా ప్రయోగం చేశారు. 2012లో అచ్చయింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే మూడు గంటల పనికి విద్యార్థులను పెట్టుకున్నారు. కొందరికి చెప్పిన కూలీ మీద అనుకోకుండా ఏడు యూరోలు ఎక్కువ ఇచ్చారు. పని పెద్దగా పెరగలేదు. ఇంకొందరికి అంతే విలువ చేసే థర్మాస్ సీసా కాగితం చుట్టి ఇచ్చారు. పని పాతిక శాతం పెరిగింది. మరికొందరికి అవే ఏడు యూరోలు, నోటును చొక్కా ఆకారంలో మడిచి ఇచ్చారు. పని ఇంకాస్త పెరిగింది. విచిత్రమేమిటంటే, ఏది కావాలి అని అడిగితే ఎక్కువమంది నగదే అన్నారు. నోటు మడవడానికి ఎవరో తీరిక చేసుకున్నారన్నదే వాళ్ళను కదిలించింది.

మూడు గంటల పనికొచ్చిన విద్యార్థికీ, మూడేళ్ళుగా ఇల్లు చూడని ఫిట్టరుకూ తేడా ఉంది. ఫిట్టరుకు నగదు అంటే ఎక్స్ఛేంజి కౌంటరు, అక్కడినుంచి బ్యాంకు, అక్కడినుంచి వడ్డీ. ఇచ్చిన సాయంత్రానికే అది కానుక రూపం పోగొట్టుకుంటుంది. అందుకే డబ్బుకు కొంచెం రూపం కల్పించే పద్ధతులే ఇక్కడ పనికొస్తాయని నా అభిప్రాయం. లులు వోచరు మంచిదే, పెట్టెలోకి ఏం కావాలో అతనే కొనుక్కుంటాడు. హలా ఫోను రీఛార్జి చిన్నదైనా రోజూ రాత్రి వీడియో కాల్‌లో ఉపయోగపడుతుంది. ప్రమాద బీమా ఇంకా మేలు. భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో పది లక్షల రక్షణ ఉంది. ఊరెళ్ళి వచ్చాక దాన్ని పునరుద్ధరించుకోవడం చాలామంది మరచిపోతారు. కంపెనీ టైమ్‌కీపరు ఒక పూట కూర్చుని అందరివీ చేయించవచ్చు. ఒక్కొక్కరికి పన్నెండు రియాల్స్ కూడా కాదు, ఆ టోపీ ఖరీదుకు అటూ ఇటూ. ఎవరూ ఫొటో తీసి కంపెనీ పేజీలో పెట్టుకోలేరు, అదొక్కటే లోపం.

ఇంకో మార్పు కూడా ఈ లెక్కను తిప్పేసింది. 2020 సెప్టెంబరు దాకా ఖతర్‌లో ఉద్యోగం మారాలంటే పాత యజమాని ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఇవ్వాల్సి వచ్చేది. మనిషి ఎటూ పోలేనప్పుడు అతన్ని మంచి చేసుకోవాల్సిన అవసరం యజమానికి ఉండదు. చట్టం మారాక రెండేళ్ళలోపు కొలువైతే నెల, ఆపైన రెండు నెలల నోటీసుతో వెళ్ళిపోవచ్చు. కాగితం మీద ఉన్నంత సులువుగా అందరికీ కుదరడం లేదు. అయినా నార్త్ ఫీల్డ్ విస్తరణకు పక్కపక్కనే నలుగురైదుగురు కాంట్రాక్టర్లకు స్కాఫోల్డర్లు కావాల్సివచ్చినప్పుడు మంచి పనివాడికి కాస్త బలం వచ్చింది. కానుకల బడ్జెట్లలో కనిపించే కొత్త ఉత్సాహానికి ప్రేమతో పాటు ఇదీ ఒక కారణం. అందులో తప్పేమీ లేదు.

మూడు రోజులు యజమాని చేతిలో

క్యాంపులో ఎవరినైనా పండక్కి ఏం కావాలని అడిగితే వచ్చే మొదటి జవాబు వస్తువు కాదు, సెలవు. ఉత్తర తెలంగాణ వాళ్ళకు బతుకమ్మ, దసరా. గోదావరి జిల్లాల వాళ్ళకు సంక్రాంతి, కోనసీమ వాళ్ళకైతే ప్రభల తీర్థం. ఇవేవీ ఖతర్‌లో సెలవు రోజులు కావు. దోహాలో ఆంధ్ర కళా వేదిక, తెలుగు కళా సమితి, తెలంగాణ ప్రజా సమితి వంటి సంఘాలు వీలైన వారాంతంలో వేడుకలు చేస్తాయి. రాస్ లఫాన్ క్యాంపు నుంచి బస్సు దొరికితే వెళ్ళొచ్చు. ఆ బస్సు ఏర్పాటు చేసిన కంపెనీకి పుణ్యముంటుంది.

కార్మిక చట్టం 78వ అధికరణంలో ఒక వెసులుబాటు ఉంది. రంజాన్‌కు మూడు రోజులు, బక్రీద్‌కు మూడు, జాతీయ దినానికి ఒకటి పోను, ఇంకో మూడు రోజుల జీతపు సెలవులు ఎప్పుడివ్వాలో యజమానే నిర్ణయించుకోవచ్చు. చాలా కంపెనీలు వీటిని ఈద్ సెలవులకే కలిపేస్తాయి, మేనేజర్లు విమానమెక్కడానికి వీలుగా. ఆ మూడింటిని మనిషి మనిషికీ వదిలేస్తే ఏమవుతుంది? తెలుగువాడు సంక్రాంతికి వాడుకుంటాడు, మలయాళీ ఓణానికి, నేపాలీ దశైంకు, ఫిలిప్పీన్స్ మనిషి క్రిస్మస్‌కు. పండగలు వేర్వేరు నెలల్లో వస్తాయి కాబట్టి సైటు ఒక్క రోజు కూడా ఆగదు.

మిగిలేదల్లా వార్షిక సెలవు. ఐదేళ్ళలోపు వాళ్ళకు మూడు వారాలు, పైబడ్డవాళ్ళకు నాలుగు. షట్‌డౌన్ తేదీలు నెలల ముందే ఖాయమవుతాయి. జనవరి మధ్యలో కోనసీమకు ఎవరు పోవాలో, దసరాకు జగిత్యాలకు ఎవరు పోవాలో ఆ తేదీలతో పాటే రాసిపెట్టుకోవచ్చు. ముందే తెలిస్తే టిక్కెట్టు చవగ్గా దొరుకుతుంది, పెళ్ళిచూపులు ఆ వారానికి పెట్టుకుంటారు, ఇంటి పైకప్పు పని అతను వచ్చేదాకా ఆపుతారు. నిరుడు సంక్రాంతికి పోలేనివాడి పేరు ఈసారి పైన రాయాలి. ఈ కాగితం తయారు చేయాల్సింది ఫోర్‌మన్, సంతకం పెట్టాల్సింది సైట్ మేనేజరు. చాలా సైట్లలో ఆ కాగితమే లేదు.